తొమ్మిదీ యాభై రెండుకి ఖాళీ అయిన బోర్డు

వరహాలరావు స్కూటరు దిగగానే మొదట చూసింది నేరం జరిగిన గదిని కాదు. గుమ్మం పక్కన ఆగి ఉన్న తెల్ల కారుని.

కొత్త కారు. పైకప్పుకి అద్దం, లోపల తోలు సీట్లు. చక్రాలకు అంటిన బురద కూడా ఎవరో కొలిచి పూసినట్టుంది. చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వెనక అద్దం తుడిచే పుల్లకి పసుపు రంగు నార ముక్క ఒకటి వేలాడుతోంది, దానికి వరసగా నాలుగు ముళ్ళు. 'దిష్టి తగలకుండా నార కూడా కట్టుకున్నాడు నా దొర' అనుకుని మూతి తిప్పుకున్నాడు. ఆ దిష్టి ఎవరిదో తనకి తెలుసు గనక నార సరిపోదని కూడా అనుకున్నాడు.

ఆ కారు ప్రేమ్‌కుమార్‌ది. ఆరేళ్ళ కిందట సాలూరులో వరహాలరావు డిటెక్టివ్ ఆఫీసులో బల్ల తుడిచి, టీ తెచ్చి, పని నేర్చుకున్న ప్రేమ్‌కుమార్. ఆ ఆఫీసుకి రెండే కంప్యూటర్లు. సాలూరు-ఒకటి ఆయనది, సాలూరు-రెండు శిష్యుడిది. శిష్యుడు ఒక రోజు నమస్కారం పెట్టి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. ఇవాళ వాడు టీవీల్లో సైబర్ నిపుణుడు, పోలీసులే కబురు పెట్టి పిలిపించుకునే మనిషి. గురువేమో యాభై రెండేళ్ళ వయసులో అదే స్కూటరు మీద ఘాటీలు ఎక్కుతున్నాడు. అసూయ లేదని ఎవరితోనైనా అనగలడు గానీ తనతో తను అనుకోలేడు. రాత్రి కడుపులో మంట వస్తే అది పులుపు వల్లనో ప్రేమ్‌కుమార్ వల్లనో తేల్చుకోలేక రెండు మాత్రలు వేసుకునే మనిషి.

లోపలికి నడిచాడు.

గది చిన్నది. ఒక బల్ల, గోడకి పెద్ద తెర, బల్లకి గొలుసుతో కట్టేసిన బటన్ ఫోను. అరకు చుట్టుపక్కల కొండ ఊళ్ళకు నాలుగు బైకు అంబులెన్సులు నడిపే డాక్టర్ సర్వేశ్వరరావు గారి ట్రస్టు ఆఫీసు అది. ఊరి నుంచి ఫోనొస్తే బల్ల దగ్గర కూర్చున్న మనిషి వివరాలు కొడతాడు, తెర మీద ఎర్ర గీత వస్తుంది, దగ్గరున్న బైకు ఫోను మోగుతుంది. రైడరు బయల్దేరితే గీత పచ్చబడుతుంది. ఆ యాప్ పేరు పిలుపు. దాన్ని రాసింది రాజకుమారి, ఇరవై ఆరేళ్ళ గుంట, ఈ కొండల్లోనే పుట్టిన పిల్ల. గోడకి ఆనుకుని నిలబడి ఉంది. రెండు రాత్రులు నిద్ర లేని కళ్ళు.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదీ నలభై ఏడుకి పైఊరి నుంచి ఫోను వచ్చింది. కనక అనే నిండు గర్భిణికి రక్తం పోతోందని. ఎర్ర గీత పడింది. తొమ్మిదీ యాభై రెండుకి తెర మీద గీతలన్నీ మాయమయ్యాయి. సిగ్నలు అందక అప్పటికింకా బైకు ఫోను మోగలేదు, గీత పోయాక ఇక మోగనే లేదు. బైకు వెళ్ళలేదు. చూసి చూసి ఇంట్లోవాళ్ళు కనకని డోలీ కట్టి మోసుకొచ్చారు. తల్లి ప్రాణం దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఇవాళ ఆదివారం. ఎస్సై నాగలక్ష్మి వాచీ చూసుకుని చెప్పింది, "నాలుగింటికి వస్తాను. అప్పటికి వేరే పేరు చెప్పలేకపోతే ఈ అమ్మాయిని తీసుకెళ్తాను. డాక్టరు గారు బతిమాలారు కాబట్టి ఈ రెండు గంటలు మీకిచ్చాను వరహాలరావు గారూ. నా పని నాకుంది." చెప్పి జీపెక్కింది. టైము అప్పుడు ఒంటిగంటా యాభై.

"కూర్చోండి గురువుగారూ," అన్నాడు ప్రేమ్‌కుమార్, తన కుర్చీ ఖాళీ చేసి మరీ. మర్యాదలో కూడా వాడిదే పైచెయ్యి. "ఘాటీ ఎక్కి అలిసిపోయుంటారు. పాపం స్కూటరు మీద."

"నా స్కూటరు సంగతి స్కూటరు సూసుకుంటాది," అని వరహాలరావు నిలబడే ఉన్నాడు. "అమ్మా, నువ్వు చెప్పు. నాకు కంప్యూటరు భాష వద్దు. మీ అమ్మకి చెప్పినట్టు చెప్పు."

రాజకుమారి గోడ వదిలి ముందుకొచ్చింది. "సర్వరంటే ముంబైలో అద్దెకున్న ఇల్లనుకోండి సార్. కరెంటు, కాపలా, మరమ్మతు అన్నీ ఇంటాయనే సూసుకుంటాడు. అందులో ఒక గదిలో నా యాప్ ఉంటాది. పక్క గదిలోనే ఇంకొకడిని కూచోబెట్టాను. వాడు దేన్నీ పుస్తకంలో రాసుకోడు, అంతా బుర్రలోనే పెట్టుకుంటాడు. అందుకే అడిగిందే తడవుగా చెప్పేస్తాడు. కొండ మీద సిగ్నలు ఒక్క గీత ఉంటాది, నిమిషం ఆలస్యమైతే ఫోను కట్టయిపోద్ది. బేగి అవ్వాలంటే వాడు పక్క గదిలోనే ఉండాలి."

"బుర్రలో పెట్టుకునేవాడు నిద్రపోతే?"

"లేచేసరికి అన్నీ మర్చిపోతాడు. అందుకే సెకనుకోసారి పలక మీద కూడా రాసుకోమన్నాను. నిద్ర లేచినా పలక సూసుకుంటాడు."

"మరి శుక్రవారం పలకేమైంది?"

"తొమ్మిదీ యాభై ఒకటికి ఎవరో లోపలికొచ్చి ఇక రాసుకోవద్దన్నారు. ఉన్న పలక తుడిచేశారు. యాభై రెండుకి వాడిని నిద్రపుచ్చి లేపారు."

"ఎవరో కాదు," అన్నాడు ప్రేమ్‌కుమార్ మెత్తగా. "రాజకుమారి అనే పేరుతో వచ్చారు. ఆమె పాస్‌వర్డు, ఆమె లాగిన్. నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. యాప్‌నీ, మెమరీలో నడిచేదాన్నీ ఒకే చిన్న సర్వర్లో పెడితే చోటు కోసం రెండూ కొట్టుకుంటాయి. మెమరీ నిండిపోయింది, బోర్డు బిగుసుకుపోయింది, ఈ అమ్మాయి కంగారుపడి రీస్టార్ట్ కొట్టింది. తప్పు బయటపడకుండా పలక తుడిచేసింది. నేనిచ్చిన ప్లానులో ఆరు సర్వర్లు వేరువేరుగా ఉండేవి."

డాక్టరు గారు తల దించుకున్నారు. "నిజమే. పోయిన ఏడాది విశాఖలో సభలో ఆ ఆరు సర్వర్ల మాటకి నేనే నవ్వాను. మా అమ్మాయి ఒక్కదాంట్లో నడుపుతోందయ్యా, నువ్వెళ్ళి నేర్చుకో అన్నాను అందరి ముందూ. నాకు శాస్తి అయింది. పోయిన నెల సెక్యూరిటీ పరీక్ష చెయ్యమని మళ్ళీ ఈయన్నే అడిగాను. విశాఖలో కూర్చునే చేసి పెట్టారు, ఒక్క మాట అనకుండా."

వరహాలరావు తెర ముందుకి వెళ్ళాడు. సర్వరు కంపెనీవాళ్ళ పేజీలో మెమరీ వాడకం గీత ఒకటి ఉంది. శుక్రవారం పొద్దుటి నుంచీ పావు వంతు దగ్గర చాప పరిచినట్టు నున్నగా నడిచింది. తొమ్మిదీ యాభై దాటాక దబ్బున కిందికి పడింది.

"ఏరా ప్రేమూ, కుండ నిండి పొంగిందంటున్నావు. పొంగాలంటే ముందు పైకి రావాలి కదా. గీత ఎక్కడా లేవలేదేటి?"

ప్రేమ్‌కుమార్ క్షణం ఆగాడు. ఒక్క క్షణమే. తర్వాత నవ్వాడు. "గురువుగారు ఇంకా కుండల దగ్గరే ఉన్నారు. ఆ గ్రాఫు ఐదు నిమిషాలకోసారి ఒక చుక్క పెడుతుందండీ. మధ్యలో ఏం జరిగిందో దానికి తెలీదు. మీరు స్కూటరుకి పెట్రోలు కొట్టించుకునే లోపల ఇక్కడ లక్ష పనులు అయిపోతాయి."

డాక్టరు గారి పెదవి మీద కూడా చిన్న నవ్వు కదిలింది. వరహాలరావుకి చెవులు వేడెక్కాయి. వెధవ, ఎంత బాగా మాట్లాడుతున్నాడు! తను ఇరవై ఏళ్ళు కష్టపడినా రాని నేర్పు అది. కోపం మింగుకుని, ఆ క్షణం ఆగడాన్ని మాత్రం మనసులో ఒక మూల దాచుకున్నాడు.

"లాగిన్‌కి పాస్‌వర్డు ఒకటే చాలా?"

"చాలదు సార్," అంది రాజకుమారి. "ఓటీపీ ఈ గొలుసు ఫోనుకే వస్తాది. నేనే అలా పెట్టాను. ఈ గదిలో మనిషి ఉంటేనే పనవ్వాలని. శుక్రవారం ఆ టైముకి నేను చిత్తంగూడ గేటు దగ్గర ఉన్నాను. పద్నాలుగు కిలోమీటర్ల అవతల. వేట పండగ గదా, ఆడోళ్ళు దారికి వెదురు అడ్డం పెట్టి బండి ఆపేశారు."

"సాక్షులు ఆమె బంధువులే," అన్నాడు ప్రేమ్‌కుమార్.

"నువ్వెప్పుడొచ్చావురా అరకు?"

"శుక్రవారం సాయంత్రం ఆరింటికి. డాక్టరు గారు ఫోను చేశాకే. అంతకుముందు ఈ ఆఫీసు గుమ్మం కూడా తొక్కలేదు."

"రాత్రి బ్యాకప్ ఉంటాది సార్," అంది రాజకుమారి ఉన్నట్టుండి. "ఇంటాయనే రోజూ మొత్తం ఇంటికి నకలు తీసి పెడతాడు. శుక్రవారం నకలు అడిగాను. లోపలికొచ్చిన కంప్యూటరు పేరు కూడా అందులో ఉంటాది. నాలుగింటికి మెయిలు పెడతామన్నారు. పాస్‌వర్డు కూడా నిన్ననే మార్చేశాను."

ప్రేమ్‌కుమార్ వాచీ చూసుకున్నాడు. అది కూడా ఖరీదైన వాచీయే.

బల్ల దగ్గర కూర్చునే మనిషి బుధు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. వరహాలరావు అతన్ని వరండాలోకి పిలిచి చుట్ట వెలిగించుకున్నాడు.

"శుక్రవారం పొద్దున్న ఎక్కడున్నావు?"

"ఇక్కడే సార్. కుర్చీలోనే."

"కదల్లేదు?"

"కదల్లేదు సార్."

వరహాలరావు జేబులోంచి కాగితం తీశాడు. లోపల గొలుసు ఫోను నొక్కి చూసి రాసుకున్నది. "తొమ్మిదీ యాభై ఎనిమిదికి కనక మొగుడు మళ్ళీ ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. పదీ ఐదుకి ఇంకోసారి. అప్పుడూ లేదు. కుర్చీలో కూర్చున్నోడివి, చేతులు లేవేటి నీకు?"

బుధు గుమ్మం వైపు చూశాడు.

"నేను సాలూరోడిని బుధూ. ఇటుకల పండగ, అదే మీ వేట పండగ, నాకు తెలీదనుకోకు. మగోళ్ళందరూ వేటకెళ్ళే రోజు ఇంటి పట్టున ఉన్నోడిని ఆడోళ్ళు ఏం సేస్తారో కూడా తెలుసు."

బుధు అరుగు మీద కూలబడ్డాడు. "పేడనీళ్ళు పోస్తారు సార్. ఏడాదంతా నవ్వుతారు. నేను కొండ ఎక్కలేదు. కింద దాకా ఎల్లి, అందరికీ ఒకసారి కనబడి వచ్చేద్దామనుకున్నాను. కనక ఫోను తీసి, గీత పడింది సూసే లేచాను. గీత పడితే రైడరు మంగ్లు ఫోను దానంతటదే మోగుతాది గదా. పదీ ఇరవైకి వచ్చి సూస్తే బోర్డు ఖాళీ. మంగ్లు ఎల్లి తెచ్చేశాడనుకున్నాను సార్. మంచిదే అయిందనుకున్నాను." తల రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆ బిడ్డని నేనే సంపేశాను."

"తలుపుకి తాళం వేశావా?"

"మా దగ్గర తాళాలెవరేస్తారు సార్?"

అంటే తొమ్మిదీ నలభై తొమ్మిది నుంచి పదీ ఇరవై దాకా గది ఖాళీ, తలుపు బార్లా, ఫోను బల్ల మీద. పాస్‌వర్డు తెలిసిన ఎవడైనా వచ్చి కూర్చోవచ్చు. బయట ఎక్కడో కాచుకుని, బుధు లేచి వెళ్ళడం చూసి రావచ్చు.

"నువ్వు సంపలేదు. లే," అన్నాడు వరహాలరావు. చుట్ట ఆర్పేసి స్కూటరెక్కాడు. టైము రెండుంపావు.

*

చిత్తంగూడ గేటంటే గేటేమీ కాదు. విశాఖ రోడ్డుకి అడ్డంగా పెట్టే ఒక పొడుగాటి వెదురు. ఇప్పుడది రోడ్డు పక్కన గడ్డిలో పడి ఉంది. దాని పక్కనే చింతపండు ఒలుస్తూ నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో పెద్దది సోంబారి.

"రాజకుమారి ఆ పొద్దున్న ఇక్కడ ఆగిందా అమ్మా?"

"ఆగింది బాబు. ఆఫీసుకి ఆలీసెం అయిపోతందని గింజుకుంది. పాట పాడితేనే ఒగ్గుతామన్నాం. పాడింది." సోంబారి నవ్వబోయి ఆగింది. "ఆ గుంట ఏ తప్పూ సెయ్యలేదు."

"ఎన్ని గంటలకి?"

"నాకు గంటలు తెల్దు. గుంట ఎల్లినాక కుండెడు జావ కాసుకుని తాగినాం. అప్పుడొచ్చింది డోలీ. కనకది."

డోలీ ఆ దారికి వచ్చింది పదిన్నరకి, అది ఆసుపత్రివాళ్ళ కాగితంలోనే ఉంది. జావ కాయడానికి అరగంట పైనే. లెక్క సరిపోయింది గానీ ఇది ఎస్సై నాగలక్ష్మి ముందు నిలబడే లెక్క కాదు. చుట్టాల మాట, జావ కుండ సాక్ష్యం. ప్రేమ్‌కుమార్ నవ్వే నవ్వు ఇప్పుడే వినబడుతోంది.

"డోలీ వచ్చినాక?"

"వెదురు ఎత్తేసినాం. బిడ్డ పోయిందని తెలిసింది. ఇంక ఈ ఏడుకి దించం. దారి ఆపి నవ్వుకునే పండగా అది?" సోంబారి చింతగింజలు చేటలోకి విసిరింది. "మిగిలిపోయిన నార కూడా ఏట్లో ఒగ్గేసినాం."

"నారేటి?"

"అడ్డ తీగ నార బాబు. పసుపులో ముంచుతాం. పండక్కి ఏదో ఒకటి ఇచ్చినోల్ల బండికి కట్టేత్తాం, వచ్చేటప్పుడు మల్లీ ఆపకుండా. మా ఊరిది నాలుగు ముళ్ళు. పక్కూరోల్లది రెండు."

వరహాలరావు చేతిలో వాళ్ళిచ్చిన మంచినీళ్ళ గ్లాసు ఆగిపోయింది.

"బండికి ఎక్కడ కడతారు?"

"మోటారు సైకిలైతే హేండిలుకి. కారైతే ఎనకాల అద్దం తుడిసే పుల్లకి. ముందర కడితే టౌనోల్లు తెంపేత్తారు. ఎనకాల ఆల్లకి కనబడదు." మిగతా ముగ్గురూ కిసుక్కుమన్నారు.

"రాజకుమారి బండికి లేదే?"

"పండగయినాక విప్పేసుకోవాల. ఉంచుకుంటే మంచిది కాదు. మావోల్లందరూ నిన్ననే విప్పేసినారు. తెలీనోడు ఉంచుకుంటాడు."

"శుక్రవారం కాకుండా వేరే రోజు ఎవరికైనా కట్టారా? ముందు రోజు? సాయంత్రం?"

"గురువారం విత్తనాల పూజ. ఆ రోజు ఎవరం దారి ఆపం. శుక్రవారం మగోల్లు ఎల్లినాక దించినాం, డోలీ వచ్చినాక ఎత్తేసినాం. అంతే బాబు, ఆ కొంచెం సేపే."

"ఆ కొంచెం సేపట్లో తెల్ల కారు?"

"ఒకటొచ్చింది. గుంట కంటే ముందు. అద్దం దించనన్నాడు. దింపితే గుప్పుమని సెంటు వాసన. అరకు ఎందుకెల్తన్నావంటే, కాపీ తాగడానికన్నాడు."

వరహాలరావు గ్లాసు నేల మీద పెట్టాడు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి గాని అరకు రాలేదన్నవాడి కారుకి, శుక్రవారం పదిన్నర లోపల తప్ప దొరకని నార! కారు చుట్టూ కుళ్ళుకుంటూ తిరగకపోతే ఆ నార తన కంట పడేదే కాదు. మామూలు మనిషి కారు ముందువైపు చూస్తాడు. ఓర్వలేనివాడు మాత్రమే వెనక పుల్ల దాకా చూస్తాడు.

ఎందుకు చేశాడో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరు సర్వర్ల మొనగాడిని పట్టుకుని, ఒక్క సర్వరు గుంట దగ్గర నేర్చుకో అన్నారు నిండు సభలో. కడుపు మండిపోయి ఉంటుంది. పాస్‌వర్డు ఆ సెక్యూరిటీ పరీక్షప్పుడే చేతికొచ్చి ఉంటుంది. చంపాలని వచ్చి ఉండడు. పండగ రోజు, గది ఖాళీ, పది నిమిషాలు బోర్డు చచ్చిపోతే గుంట పరువు పోతుంది, తన మాట నెగ్గుతుంది. అంతవరకే అనుకుని ఉంటాడు. ఎర్ర గీత మీద కనక పేరుందో లేదో చూసి కూడా ఉండడు. వరహాలరావుకి వాడి మనసు అంత బాగా అర్థమైనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అవకాశమూ తెలివీ ఉంటే తను మాత్రం ఎన్నిసార్లు వాడి బోర్డు ఖాళీ చేసి ఉండేవాడు కాదు?

టైము మూడూ ఐదు. స్కూటరు తన్నాడు.

అరకు ఇంకో కిలోమీటరు ఉందనగా మలుపులో తెల్ల కారు ఎదురొచ్చి దాటిపోయింది. వరహాలరావు మెడ తిప్పి మరీ చూశాడు. పసుపు నార అక్కడే ఉంది, నాలుగు ముళ్ళతో గాలికి ఊగుతోంది. ప్రాణం లేచొచ్చింది. పారిపోతున్నావా నాయనా, ఆ నార కట్టుకునే పారిపో, ఘాటీ దిగేలోపల చెక్‌పోస్టులో పట్టిస్తాను అనుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి ఈల వేసుకుంటూ ఆఫీసుకొచ్చాడు. మూడూ నలభై.

గదిలో బుధు ఒక్కడే ఉన్నాడు.

"రాజకుమారేది?"

"ప్రేమ్‌కుమార్ గారు తీసుకెల్లినారు సార్. స్టేషన్‌కెల్లి ఎస్సైయమ్మతో మాట్లాడి కేసు లేకుండా చూస్తానన్నారు. డాక్టరు గారు కూడా ఎల్లమన్నారు." బుధు కిటికీలోంచి చూపించాడు. "కానీ స్టేషన్ ఇటు గదా సార్. కారు ఘాటీ వైపు పోయింది."

వరహాలరావు నారని చూసి మురిసిపోయాడు. లోపల ఎవరున్నారో చూడలేదు.

నాగలక్ష్మికి ఫోను చేశాడు. నార, ముళ్ళు, వెదురు, ఒక్క గుక్కలో చెప్పాడు.

"వరహాలరావు గారూ," అంది ఆవిడ విసుగ్గా, "మీకూ ఆయనకీ పడదని జిల్లా అంతా తెలుసు. కారుకి తాడు కట్టుందని నిపుణుడిని అరెస్టు చెయ్యమంటారా? నాలుగింటికి వస్తాను." ఫోను పెట్టేసింది.

అదీ సంగతి. ఆరేళ్ళుగా ప్రతి టీ కొట్టు దగ్గరా వాడిని తిట్టాడు. ఇవాళ నిజం చెబితే అది కూడా తిట్టులాగే వినబడింది.

సోంబారికి ఫోను లేదు. స్కూటరు కారుని అందుకోలేదు. తెర మీద పిలుపు బోర్డు ఖాళీగా మెరుస్తోంది. దాన్ని చూశాడు.

"బుధూ! మంగ్లు బండి ఎక్కడుంటాది?"

"చిత్తంగూడలోనే సార్. సోంబారి ఇంటి పక్కనే."

"నేను చెప్పింది కొట్టు. రోగి పేరు రాజకుమారి. ఎక్కడ, గేటు దగ్గర. తెల్ల కారులో వస్తోంది. ఏం సెయ్యాలి..." గడ్డిలో పడి ఉన్న వెదురు గుర్తొచ్చింది. "సోంబారికి చెప్పు, ఆ బిడ్డ కోసం ఎత్తిన వెదురు ఆ బిడ్డ కోసమే దించమను."

బుధు వేళ్ళు తడబడ్డాయి గానీ కొట్టాడు. ఎర్ర గీత పడింది. పక్క గదిలోవాడు ముంబైలో గుర్తుపెట్టుకున్నాడు. మూడూ నలభై ఆరు. వరహాలరావు కుర్చీ అంచు పట్టుకుని ఆ గీత వంకే చూస్తూ నిలబడ్డాడు. మూడూ నలభై ఎనిమిదికి అది పచ్చబడింది.

మూడూ యాభై ఐదుకి బల్ల మీద గొలుసు ఫోను కీచుమంది. మెసేజీ. ఆరంకెల ఓటీపీ. ఎవరో ఇప్పుడే రాజకుమారి పేరుతో తలుపు తడుతున్నారు.

వెంటనే అదే ఫోను మోగింది.

"సార్," రాజకుమారి గొంతు, అణిచిపెట్టినట్టు. "ఫోనుకి నంబరొచ్చింది గదా. చెప్పమంటున్నారు. కొత్త పాస్‌వర్డు చెప్పేశాను సార్. బ్యాకప్ బేగి తెప్పిస్తానంటే నమ్మేశాను."

"స్పీకర్లో ఉన్నాం గురువుగారూ," ప్రేమ్‌కుమార్ గొంతు ఇప్పుడు మెత్తగా లేదు. "ఆ అంకెలు చెప్పండి. నకలు చెరిపేస్తే నాకూ శాంతి, మీకూ శాంతి. నేను చంపాలనుకోలేదు. మీకు తెలుసు నేనలాంటి వాణ్ణి కానని."

"తెలుసురా."

"ఘాటీలో మలుపులెక్కువ. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో లాప్‌టాప్. అమ్మాయి పక్కనే ఉంది. బేగి చెప్పండి."

వరహాలరావు గోడ గడియారం చూశాడు. మూడూ యాభై ఆరు. మెయిలు రావడానికి నాలుగు నిమిషాలు. వెదురు దించారో లేదో తెలీదు. "ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ. నీకున్నట్టు నాకు మంచి అద్దాలు లేవు గదా." గొంతులో ఈర్ష్య పలికించడానికి ఆయన నటించక్కర్లేకపోయింది. "ఏడు. కాదు, ఒకటి. బటన్ ఫోను తెర, అలికినట్టుంది. నీ కారెంతరా, ఆ అద్దం కప్పు దానికి?"

"గురువుగారూ!"

"నాలుగు. తర్వాత సున్నా. నీకు మొదటి జీతం ఇచ్చిన రోజు నువ్వేం కొన్నావో గుర్తుందా? నాకు చెప్పులు. నీకేమీ కొనుక్కోలేదు. తర్వాత ఎనిమిది. కాదు, మూడు. మొదటి నుంచీ చదవనా?"

"నాతో ఆడుకోకండి, నేను..." అన్న మాట సగంలో బ్రేకు కీచుమంది. ఏదో దబ్బున కొట్టుకున్న చప్పుడు. బుధు కళ్ళు మూసుకున్నాడు.

తర్వాత ఆ చిన్న ఫోనులోంచి, దూరంగా, ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్న ఆడ గొంతులు. కారు అద్దం మీద దబదబా బాదుతున్న చేతులు. అన్నిటికంటే పైన సోంబారి గొంతు.

"దిగు! నార ఇప్పకుండా ఎక్కడికెల్తన్నావు? గుంటని దింపు ముందు!"

తలుపు తెరిచిన చప్పుడు. చెప్పుల చప్పుడు. ఆ తర్వాత ఫోను దగ్గరగా రాజకుమారి ఊపిరి. "సార్. దిగేశాను. మంగ్లు ఇక్కడే ఉన్నాడు. నాలుగైందా సార్?"

గడియారం ముళ్ళు చూశాడు. "అయిందమ్మా."

తెర మూల చిన్న గంట మోగింది. సర్వరు కంపెనీ మెయిలు. బయట జీపు ఆగింది. నాగలక్ష్మి గుమ్మంలోకి వచ్చేసరికి బుధు మెయిలు తెరిచి వేలు పెట్టి చదువుతున్నాడు. శుక్రవారం, తొమ్మిదీ యాభై ఒకటి. పలక మీద రాసుకోవద్దన్న ఆజ్ఞ. ఇచ్చిన కంప్యూటరు పేరు.

"ఏం పేరు?" అంది నాగలక్ష్మి.

బుధు పైకి చదివాడు. "సాలూరు-రెండు."

"అదెవరిది?"

వరహాలరావు తెర మీద ఆ పేరు వంకే చూశాడు. ఆరేళ్ళలో వాడు ఎన్ని లాప్‌టాప్‌లు మార్చి ఉంటాడు, ఎన్ని కొత్తవి కొని ఉంటాడు. ప్రతిదానికీ మళ్ళీ ఆ పేరే పెట్టుకుంటూ వచ్చాడన్నమాట. ఇన్నాళ్ళూ రగిలిన చోట తడుముకున్నాడు, మంట లేదు, నొప్పి మాత్రం ఉంది.

"చెప్తాను రాసుకోండి," అన్నాడు కుర్చీలో కూర్చుంటూ. "ఆ పేరు పెట్టింది నేనే."